షాటో గయ్యార్: కోట కన్నా ముందు నది చేజారింది

1204 మార్చి 6న నార్మండీలోని షాటో గయ్యార్ కోట ఫ్రాన్స్ రాజు ఫిలిప్ ఆగస్టస్ వశమైంది. కట్టడం పూర్తయి అప్పటికి ఆరేళ్లు. సింహహృదయుడిగా పేరుపడిన ఇంగ్లండ్ రాజు రిచర్డ్ దానికోసం సుమారు 12,000 పౌండ్లు ఖర్చుచేశాడు. తన పాలన మొత్తంలో ఇంగ్లండ్‌లోని కోటలన్నిటికీ కలిపి అతను పెట్టినది 7,000 పౌండ్లని చరిత్రకారుల అంచనా. ఇంత సొమ్ము పోసి, ఆనాటి దుర్గనిర్మాణంలో తెలిసిన మెళకువలన్నీ పొదిగి కట్టిన కోట మొదటి పెద్ద ముట్టడికే ఎలా పడిపోయింది?

చాలామంది చెప్పే జవాబు మరుగుదొడ్డి కథ. ఫ్రెంచ్ సైనికుడొకడు మరుగుదొడ్డి గొట్టంలోంచి పాకి లోపలికి దూరాడనీ, అంతటి కోట అలా పోయిందనీ చెబుతారు. వినడానికి సరదాగా ఉంటుంది కాబట్టి ఎనిమిది వందల ఏళ్లుగా బతికి ఉంది. అందులో నిజం పాలెంతో తరవాత చూద్దాం. అది పూర్తిగా నిజమే అనుకున్నా, మూడు ఆవరణల్లో ఒకటి ఎలా పోయిందో మాత్రమే చెబుతుంది. కోట తలరాత అంతకు ఆరునెలల ముందే, కొండ కింద, నీళ్ల మీద తేలిపోయింది.

స్థలం సంగతి ముందు తెలియాలి. సెన్ నది పారిస్ దాటాక సముద్రం వైపు తిన్నగా సాగదు, పెద్ద పెద్ద మెలికలు తిరుగుతుంది. పారిస్‌కు వాయవ్యంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, లెజాండ్లీ పట్టణం దగ్గర, అలాంటి మెలిక ఒకటుంది. కుడి ఒడ్డున తెల్లటి సుద్దరాతి చరియలు నిటారుగా లేస్తాయి. ఎదుటి ఒడ్డున బెర్నియేర్ అనే చదును నేల నాలుకలా నదిలోకి చొచ్చుకువస్తుంది. కోట ఆ చరియ కొసన, నదికి దాదాపు తొంభై మీటర్ల ఎత్తున ఉంది. దాని చుట్టూ దాదాపు అన్నివైపులా లోయే. ఆగ్నేయాన మాత్రం ఒక సన్నని వెన్ను ఆ కొండకొమ్మును వెనకనున్న పీఠభూమికి కలుపుతుంది. శత్రువు యంత్రాలతో, సొరంగాలు తవ్వేవాళ్లతో దగ్గరకు రావాలంటే ఆ వెన్నుమీదుగా రావాల్సిందే. నది దిగువన సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో నార్మండీ రాజధాని రువాన్ ఉంది.

రిచర్డ్ ఇంగ్లండ్‌కు రాజు, నార్మండీకి డ్యూక్. డ్యూక్ హోదాలో ఫ్రాన్స్ రాజుకు పేరుకు సామంతుడు కూడా. మూడో క్రూసేడు నుంచి తిరిగివస్తూ 1192 డిసెంబరులో ఆస్ట్రియా డ్యూక్‌కు బందీగా చిక్కాడు. ఆ డ్యూక్ నుంచి అతన్ని తన చేతికి తీసుకున్న జర్మన్ చక్రవర్తి విడుదలకు 1,50,000 మార్కులు అడిగాడు. 1194 ఫిబ్రవరిలో బయటపడేసరికి ఫిలిప్ చేయాల్సింది చేసేశాడు. నార్మండీ సరిహద్దుకు కాపలా కాసే జిజోర్ కోట 1193లోనే అతని పరమైంది. 1196 జనవరి సంధిలో జిజోర్‌నూ, దాన్ని ఆనుకుని ఉన్న వెక్సాన్ ప్రాంతంలో చాలా భాగాన్నీ రిచర్డ్ వదులుకోక తప్పలేదు. దాంతో సెన్ లోయ వెంట రువాన్‌కు పోయే దారికి అడ్డు లేకపోయింది.

ఆ సంధిలోనే మరో షరతుంది. ఆండ్లీ (ఇప్పటి లెజాండ్లీ) ఎస్టేటు రువాన్ ఆర్చ్‌బిషప్‌ది, అక్కడ ఎవరూ కోట కట్టకూడదు. సంతకాల తడి ఆరకముందే రిచర్డ్ కన్ను సరిగ్గా ఆ స్థలం మీదే పడింది. స్థలం అమ్మమని అడిగితే ఆర్చ్‌బిషప్ వాల్టర్ డి కూటాన్స్ కాదన్నాడు. నదిలో సాగే పడవల మీద వసూలయ్యే సుంకం ఆయన పీఠానికి మంచి రాబడి. రిచర్డ్ ఆగలేదు, స్థలం లాక్కుని పని మొదలుపెట్టాడు. ఆర్చ్‌బిషప్ నార్మండీ అంతటా మతసేవలు నిలిపివేయించి న్యాయం కోసం రోముకు బయలుదేరాడు. అంత్యక్రియలు జరిపేవారు లేక శవాలు పట్టణ వీధుల్లోనే ఉండిపోయాయని ఆ కాలపు చరిత్రకారుడు రోజర్ ఆఫ్ హౌడెన్ రాశాడు. 1197లో రాజీ కుదిరింది. ఆండ్లీకి బదులుగా దియెప్ రేవునూ, లూవియే పట్టణాన్నీ, రువాన్‌లోని పిండిమరలనూ, మరికొన్ని ఆస్తులనూ రాజు ధారపోశాడు. బేరంలో లాభం చర్చిదే అనిపిస్తుంది. ఒక కొండకొమ్ము కోసం రేవుపట్టణాన్నే ఇచ్చేశాడంటే రిచర్డ్ దృష్టిలో ఆ కొమ్ము విలువ ఎంతో ఊహించుకోవచ్చు.

1196లో మొదలైన పని 1198 నాటికి దాదాపు ముగిసింది. అంత పెద్ద కోటలు కట్టడానికి పదేళ్లు పట్టడం మామూలే అయిన కాలంలో రెండేళ్లలో పూర్తిచేయడం మాటలు కాదు. నార్మండీ ఖజానా లెక్కల పత్రాల్లో ఈ పనికి కూలి అందుకున్నవాళ్ల జాబితా ఉంది. రాతిగనుల కూలీలు, రాళ్లు చెక్కేవాళ్లు, కందకాలు తొలిచేవాళ్లు, వడ్రంగులు, కమ్మరులు, సున్నం కాల్చేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, కాపలాదారులు అందులో కనిపిస్తారు. ప్రధాన శిల్పి ఎవరో మాత్రం ఆ లెక్కల్లో కనిపించదు. అందుకే రూపకల్పన రిచర్డ్‌దేనని చాలామంది నమ్ముతారు. చివరి రెండేళ్లలో అతను ఎక్కువకాలం ఇక్కడే గడిపాడు కాబట్టి ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంది. పనివాళ్ల మీద నెత్తుటి వాన కురిసినా రాజు చలించలేదనీ, దేవదూతే దిగివచ్చి ఆపమన్నా శాపనార్థాలు పెట్టి పంపేవాడేననీ విలియం ఆఫ్ న్యూబర్గ్ రాశాడు. నెత్తుటి వాన మాట ఎలా ఉన్నా, యజమాని తొందర ఎలాంటిదో ఈ వాక్యం పట్టిస్తుంది.

కోట నిర్మాణాన్ని వెన్ను వైపు నుంచి చూస్తే ఆలోచన బోధపడుతుంది. మొదట త్రికోణాకారపు బయటి ఆవరణ, అయిదు బురుజులతో పీఠభూమికి ఎదురుగా మొనదేలి ఉంటుంది. అది అచ్చంగా దెబ్బలు తినడానికే కట్టినది. దాని వెనక రాతిలో తొలిచిన లోతైన కందకం. ఆ తరవాత మధ్య ఆవరణ. దాని లోపల మరో కందకం, చివరికి లోపలి ఆవరణ. ఈ లోపలి గోడే అన్నిటికన్నా విచిత్రమైనది. బయటి ముఖం చదునుగా ఉండదు. అర్ధవృత్తాలు ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టు అల అలగా ఉబ్బి ఉంటుంది. యంత్రం విసిరిన రాయి వంపు మీద పడితే పక్కకు జారుతుంది. గోడ మొదట్లోకి చేరినవాడు పైనున్న విలుకాళ్ల చూపుకు దొరక్కుండా నక్కేందుకు మూలలు తక్కువ.

అన్నిటికన్నా లోపల, నది వైపు, ప్రధాన బురుజు. దాని ఒక వైపు ఓడ ముక్కులా మొనదేలి ఉంటుంది. పైభాగం ఇప్పుడు లేదు. మిగిలిన ఆధారాలను బట్టి చూస్తే పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే రాతి దిమ్మెల మీద కమానులు నిలిపి, వాటి మధ్య ఖాళీల్లోంచి కిందనున్న శత్రువు మీదికి రాళ్లు జారవిడిచే ఏర్పాటు ఉండేది. పశ్చిమ ఐరోపాలో రాతితో చేసిన ఇలాంటి ఏర్పాట్లలో ఇది తొలినాటిది. రిచర్డ్ ఈ ఉపాయాన్ని పాలస్తీనా కోటల్లో చూసి వచ్చాడా, పశ్చిమంలోనే అది పుట్టిందా అన్న వాదం నేటికీ సాగుతోంది. తూర్పు దేశపు కోటలను చూసినవాడు ఏమీ నేర్చుకోకుండా వచ్చాడనడం కష్టం. ప్రతి మెళకువనూ అక్కడికే అంటగట్టడం కూడా అతిశయమే.

ఎంత చెప్పుకున్నా ఇదంతా పైకొండ సంగతి. చూడటానికి వెళ్లేవారు దీన్నే చూసి మొత్తం కోట అనుకుంటారు. రిచర్డ్ కట్టినది ఇంతకన్నా చాలా పెద్దది. నది మధ్య ద్వీపం మీద ఒక చిన్న కోట, దాన్ని రెండు ఒడ్లకూ కలిపే వంతెనలు, కొండ పాదాన ప్రాకారాలతో పెటీ ఆండ్లీ అనే కొత్త ఊరు, నదికి అడ్డంగా నీళ్లలో పాతిన మొద్దుల వరుసలు, ఎగువన బుతవాన్ అనే కాపలా కోట. ఇవన్నీ కలిస్తేనే సెన్ నదికి తాళం పడుతుంది. ఆ తాళానికి కొండమీది కోట ఒక భాగం మాత్రమే. అందులో ఎప్పుడూ పెద్ద సైన్యం ఉండాల్సిన అవసరం కూడా లేదు. శత్రువు వస్తే కొండమీది వాళ్లు కొన్ని వారాలు నిలవాలి, ఈలోగా రువాన్ నుంచి నది వెంటా ఒడ్డు వెంటా సైన్యం వచ్చి ముట్టడిదారులను వెనక నుంచి కొట్టాలి. పరిశోధకుల్లో కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, దీన్ని వెక్సాన్‌ను తిరిగి గెలుచుకోవడానికి వేసుకున్న దాడి స్థావరంగా చూస్తారు. రిచర్డ్ స్వభావానికి ఆ మాటే బాగా నప్పుతుంది.

ఆ గోడలు ఇనుపవైనా పట్టుకుంటానని ఫిలిప్ అన్నాడట, వెన్నవైనా నిలుపుకుంటానని రిచర్డ్ బదులిచ్చాడట. జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాసిన ఈ సవాళ్లు నిజంగా జరిగాయో లేదో గానీ రిచర్డ్ నోట పెట్టిన జవాబులో విషయముంది. వెన్న గోడలను నిలబెట్టేది గోడలు కావు, బయట తిరిగే సైన్యం. 1199 ఏప్రిల్ 6న, లిమూజాన్ ప్రాంతంలోని షాలూ అనే చిన్న కోట దగ్గర తగిలిన బాణపు గాయంతో రిచర్డ్ చనిపోయాడు. ఈ కోట కట్టించినవాడు దాని ముట్టడి చూడలేదు.

తమ్ముడు జాన్ గద్దెనెక్కాడు. 1200లో ఫిలిప్‌తో రాజీ కుదుర్చుకున్నాడు, అది రెండేళ్లు నిలిచింది. 1202లో ఫిలిప్ తన సామంతుడి భూములు జప్తయినట్టు ప్రకటించి యుద్ధానికి దిగాడు. బుతవాన్ ఆ ఏడే పోయింది. అదే వేసవిలో జాన్ తన మరో అన్న కొడుకు ఆర్థర్‌ను బంధించాడు. 1203లో ఆ కుర్రవాడు రువాన్‌లో కనుమరుగయ్యాడు. జానే చంపించాడన్న అనుమానం అంతటా పాకింది. నార్మండీ, బ్రిటనీ ప్రభువులు ఒక్కొక్కరే జారుకున్నారు. వోద్రే కోటను కాపాడవలసిన ఇద్దరు ఇంగ్లండ్ ప్రభువులు ఒక్క దెబ్బ కూడా పడకుండానే దాన్ని అప్పగించేశారు. షాటో గయ్యార్ చుట్టూ ఉన్న రాజకీయం అప్పటికే కూలింది.

1203 వేసవి చివర ఫిలిప్ బెర్నియేర్ వైపు నుంచి వచ్చాడు. కొండ జోలికి పోలేదు. ముందు నది మీద దృష్టిపెట్టాడు. ఈతగాళ్లు మొద్దుల వరుసలను గొడ్డళ్లతో కోసి దారి తెరిచారు. ఆ దారిగుండా తెచ్చిన పడవలను పక్కపక్కన కట్టి వంతెన వేశాడు. ఇక రెండు ఒడ్లూ అతనివే.

జాన్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. రాత్రివేళ రెండు దిక్కుల నుంచి ఒకేసారి దాడి చేయాలని పథకం వేశాడు. విలియం మార్షల్ నాయకత్వంలో ఒడ్డు వెంట ఒక దండు, కిరాయి సైనికులతో, ఆహారంతో నది మీద పడవల దండు. ఒడ్డున పోయినవాళ్లు వేళకు చేరి నిద్రలో ఉన్న ఫ్రెంచ్ శిబిరాన్ని చెదరగొట్టారు. నీటి మీద వచ్చేవాళ్లు ఎదురు ప్రవాహాన్ని తక్కువగా లెక్కగట్టి ఆలస్యమయ్యారు. ఈలోగా ఫ్రెంచ్ వాళ్లు తేరుకుని ఒడ్డు దండును తరిమేశారు. పడవలు వచ్చేసరికి తెల్లవారుతోంది, వంతెన మీద శత్రువు సిద్ధంగా ఉన్నాడు. చాలా పడవలు పోయాయి. వెంటనే, గోబెర్ అనే ఈతగాడు నిప్పుకుండలతో నీళ్లలో వెళ్లి ద్వీపానికి కాపుగా ఉన్న కొయ్య కంచెకు మంట పెట్టాడు. ద్వీపం లొంగింది, దాంతో పెటీ ఆండ్లీ కూడా.

కోట పతనం ఏ రోజని ఎవరైనా అడిగితే ఆ రాత్రినే చూపించాలి. ఆ తరవాత జాన్ మరో సహాయక సైన్యాన్ని పంపలేదు. ఫిలిప్ దృష్టి మళ్లించాలని బ్రిటనీ మీద దాడిచేసి చూశాడు, ఫిలిప్ కదలలేదు. డిసెంబరులో జాన్ ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. కోటలో మిగిలింది చెస్టర్ కాన్‌స్టబుల్ రోజర్ డి లేసీ, అతని చిన్న దళం.

వాళ్లతోపాటు ఊరి జనం కూడా లోపలే ఉన్నారు. పెటీ ఆండ్లీ వాసులు ప్రాణభయంతో కొండెక్కి కోటలో దూరారు. వాళ్ల సంఖ్య 1,400 నుంచి 2,200 దాకా ఉండవచ్చని అంచనా. రిచర్డ్ ఆ ఊరిని కోటకు బలంగా కట్టించాడు, ముట్టడి రాగానే అదే బరువైంది. గాదెల్లో ధాన్యం సైనికులకు సరిపడా ఉంది, ఊరికి లేదు. డి లేసీ బలహీనులను గుంపులుగా బయటికి పంపడం మొదలుపెట్టాడు. మొదటి రెండు గుంపులను, ఒక్కోదానిలో సుమారు 500 మందిని, ఫ్రెంచ్ సైనికులు జాలిపడి పోనిచ్చారు. సంగతి తెలిసి ఫిలిప్ ఇక ఎవరినీ వదలవద్దని ఆజ్ఞ పంపాడు. లోపల తినేవాళ్లు ఎంత ఎక్కువుంటే కోట అంత త్వరగా లొంగుతుందన్నది లెక్క. తరవాతి గుంపు బయటికి వచ్చేసరికి ఎదురుగా బాణాలు, వెనక్కి తిరిగితే మూసిన తలుపు.

వందల మంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్లు రెండు సైన్యాల నడుమ కందకాల్లో చలికాలం గడిపారు. గడ్డి తిన్నారు, కోటలోంచి తరిమేసిన కుక్కలను తిన్నారు. ఈ సంగతులన్నీ గియోమ్ లె బ్రెతోన్ రాతల వల్లనే తెలుస్తాయి. అతను ఫిలిప్ ఆస్థాన పురోహితుడు, ముట్టడిలో ఉన్నవాడు. రాజు తిరిగివచ్చి ఆ ఆర్తనాదాలు విని కరిగిపోయి, వాళ్లకు అన్నం పెట్టి వదిలేయమన్నాడని అతను రాస్తాడు. ఒకడు రొట్టె కడుపులో పడితేగాని చేతిలోని కుక్కతొడను వదలనన్నాడట. మాడిన కడుపుల్లో ఒక్కసారిగా తిండి పడటంతో చాలామంది అక్కడే చనిపోయారు. రాజు కరుణను పొగడటం ఆస్థాన పురోహితుడి ఉద్యోగం. ఎవరినీ వదలవద్దన్న ఆజ్ఞ కూడా అదే రాజుదన్న సంగతి మాత్రం అతని కథనంలోనే దొరుకుతుంది. ఈ తప్పులో డి లేసీకి కూడా పాలుంది. తరవాత అతనికి దక్కిన వీరుడన్న పేరు కింద ఈ కందకం ఉంది.

1204 ఫిబ్రవరిలో ఫిలిప్ తానే వచ్చి గోడల పని పట్టాడు. పీఠభూమి వెన్నును చదును చేయించి యంత్రాలు నిలిపాడు. సొరంగం పనివాళ్లు బయటి ఆవరణ మొనన ఉన్న బురుజు పునాది తొలిచి, కింద నిలిపిన కొయ్యలకు నిప్పు పెట్టారు. బురుజు కూలింది, దళం మధ్య ఆవరణలోకి తగ్గింది.

ఇక్కడికి వస్తుంది మరుగుదొడ్డి కథ. మధ్య ఆవరణ గోడను ఆనుకుని జాన్ తన హయాంలో ఒక కట్టడం చేర్పించాడు. పైన ప్రార్థనామందిరం, కింద మరుగుదొడ్లు ఉండేవి. బోజీ అనే సైనికుడు తోటివాడి భుజాలెక్కి అక్కడి కిటికీ అందుకుని లోపలికి దూకి, తాడు వేసి మిగతావాళ్లను లాగాడు. మరుగుదొడ్డి గొట్టంలో పాకడమన్నది కథ చెప్పేవాళ్ల చేతిలో పెరిగిన భాగమనీ, లోపలికి దారి ఇచ్చింది మందిరం కిటికీయేననీ ఇటీవలి పరిశోధకులు చాలామంది భావిస్తున్నారు. ఏదైనా, తప్పు రిచర్డ్ నమూనాది కాదు, తరవాత అతికించిన కట్టడానిది. చప్పుడు విని కోటవాళ్లు చొరబడినవాళ్లను పొగబెట్టి తరమాలని ఆ కట్టడానికి నిప్పంటించారు. ఆ మంట వాళ్లమీదికే తిరిగింది, వాళ్లు లోపలి ఆవరణలోకి పరుగెత్తారు.

లోపలి ఆవరణ దగ్గర బయటపడిన లోపం మాత్రం మొదటి నమూనాలోదే. కందకం దాటడానికి ఎత్తిపెట్టుకునే కొయ్య వంతెన వేయకుండా, కందకం తొలిచేటప్పుడే రాతిని వంతెనగా వదిలేశారు. సొరంగం తవ్వేవాళ్లకు ఆ రాయే గొడుగైంది. దాని చాటున గోడను తొలిచారు. లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వి వాళ్లను వెళ్లగొట్టారు గానీ రెండు తవ్వకాల మధ్య గోడ డొల్లయింది. ఆపైన పెద్ద రాళ్లు విసిరే యంత్రం పని ముగించింది. అల అలగా కట్టిన గోడ పైనుంచి వచ్చే దెబ్బను తప్పించగలదు, కింద తొలిచే గునపాన్ని తప్పించలేదు. అన్ని హంగులున్న ప్రధాన బురుజులోకి చేరి ఆఖరి పోరాటం చేయడం కూడా జరగలేదు. దళం వెనక ద్వారం గుండా బయటపడబోయి దొరికిపోయింది. మిగిలినవాళ్లు సుమారు నూట యాభై మంది. డి లేసీని విడిపించడానికి జాన్ తరవాత డబ్బు సాయం చేశాడు. రువాన్ జూన్ 24న తలుపులు తెరిచింది. నార్మండీ మీద హక్కును ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ 1259 పారిస్ సంధిలో అధికారికంగా వదులుకున్నాడు.

కోట విఫలమైందనడం తేలిక. లెక్క తీసి చూస్తే, ఏ సాయమూ అందకుండా గుప్పెడు మంది అక్కడ ఆరునెలలు నిలిచారు. రిచర్డ్ ఆ గోడల నుంచి ఆశించిన వ్యవధి కన్నా అది ఎక్కువే కావచ్చు. ఆ ఆరునెలలను వాడుకునేవాడు బయట లేకపోయాడు. దీనికి సాక్ష్యం రెండు శతాబ్దాల తరవాత దొరికింది. నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లండ్ సైన్యం ఇదే కోటను చుట్టుముట్టినప్పుడు సుమారు 120 మంది ఫ్రెంచ్ సైనికులు ఏడాది దాకా పట్టు విడవలేదు. 1419 డిసెంబరులో వాళ్లు లొంగింది గోడ కూలి కాదు. బావి నుంచి నీళ్లు తోడే తాళ్లు అరిగి తెగిపోవడం వల్ల.

ఆ రెండు ముట్టడుల నడుమ కాలంలో కోట చెరసాలగా, ఆశ్రయంగా పనిచేసింది. 1314లో వ్యభిచారం నేరం మోపిన ఫ్రెంచ్ రాకుమారుల భార్యలు బుర్గుండి మార్గరెట్, బ్లాంష్‌లను ఇక్కడ బంధించారు. మార్గరెట్ మరుసటి ఏడు ఇక్కడే చనిపోయింది. దేశం విడిచి వచ్చిన స్కాట్లాండ్ బాల రాజు రెండో డేవిడ్ 1334 నుంచి 1341 దాకా ఇక్కడే ఉన్నాడు. 1449లో కోట శాశ్వతంగా ఫ్రెంచ్ వాళ్లదైంది. మతయుద్ధాలు ముగిశాక, 1599లో ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీ దాన్ని కూలగొట్టమన్నాడు. తిరుగుబాటుదారులు దూరితే తీయడం కష్టమన్నది కారణం. దగ్గరి మఠాల మరమ్మతులకు కాపుచిన్ సన్యాసులు ఇక్కడి రాళ్లు మోసుకుపోయారు.

ఇప్పుడు లెజాండ్లీ ప్రశాంతమైన పట్టణం. చిత్రకారుడు నికొలా పూసాన్ పుట్టినది దీని పక్కనే. శిథిలాలను చూడటానికి వచ్చేవారిలో చాలామంది ప్రధాన బురుజు దగ్గర ఫొటోలు తీసుకుని తిరిగిపోతారు. ఆగ్నేయాన ఉన్న పీఠభూమి మీద నిలబడితే ఫిలిప్ యంత్రాలకు ఈ కోట ఎలా కనిపించిందో తెలుస్తుంది. బురుజు వైపు నుంచి కిందికి చూస్తే చెట్లతో నిండిన ద్వీపం, దాని అవతల బెర్నియేర్ పొలాలు కనిపిస్తాయి. పడవల వంతెన వేసింది ఆ నీళ్ల మీదే.